గడిలో ఒక్కరు

అలా కాదు, బొటనవేళ్ళు ఇంకాస్త ముందుకు జరపాలి. ఎదురుగా గోడమీద గడియారం ఉంది. రెండు వేళ్ళూ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని నేరుగా చూస్తే ముళ్ళు మాయమై, అంచునున్న అంకెలు మాత్రం మిగిలాయి. కానీ సర్వేలో అతను రాసింది ఇది కాదు. వేలు అడ్డం పెడితే వేలు కనిపిస్తుంది. అతని కళ్ళకి అడ్డం ఏమీ లేదు. ఏ అడ్డమూ లేకుండా కనపడకపోవడం ఎలా ఉంటుంది? నల్లగా ఉంటుందా, తెల్లగానా? లేకపోతే నోటిదాకా వచ్చి ఆగిపోయిన పేరులాగా, ఏ రంగూ లేకుండా, ఉండాల్సిన చోట ఉండదా?

"గడియారంతో దాగుడుమూతలా మేడమ్?"

ఆమె చేతులు దించింది. తలుపు దగ్గర తాళాలాయన నిలబడి ఉన్నాడు. సంస్థలో కంప్యూటర్లూ వాటి రహస్య సంకేతాలూ ఆయన చేతిలో ఉంటాయి కాబట్టి అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఎవరి పేరూ బయటికి రానివ్వదని ఆమెకీ ఒక పేరు పెట్టారు, ముసుగు మేడమ్ అని. ఆమె వెనకాల అనుకుంటున్నామనుకుంటారు గానీ ఆమెకి తెలుసు.

"ఒకటి అడుగుతాను, నవ్వకండి. మన సర్వేకి జవాబు రాసిన మనిషి ఎవరో కనుక్కోగలమా?" అంది.

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, ఎదురుకుర్చీలో కూర్చున్నాడు.

"ఏడాదిన్నర నా ప్రాణం తీసింది ఎవరండీ? నేనా? ఎవరూ కనుక్కోకూడదు, మనమూ కనుక్కోకూడదు, దేవుడొచ్చి అడిగినా చెప్పలేకపోవాలి అన్నది ఎవరు?"

"నేనే."

"మరి దేవుడొచ్చాడా?"

బళ్ళు నడిపేవాళ్ళ అలసట మీద సర్వే అది. నిద్ర, మందులు, చూపు, భయం, ముప్ఫై ప్రశ్నలు. పేరు లేదు, వయసు లేదు, డిపో లేదు, ఎన్నేళ్ళ సర్వీసో లేదు. జవాబులు మామూలు దారిన కాకుండా, ఎవరు పంపారో తెలియనివ్వని ఒక నెట్‌వర్క్ గుండా రావాలని పట్టుబట్టింది. దాని సంగతి డ్రైవర్లకి చెప్పడానికి తాళాలాయనే ఒక పోలిక రాసిచ్చాడు. మీ ఉత్తరం మూడు ఇళ్ళ చేతులు మారి మాకు చేరుతుంది, ఏ ఇంటికైనా తనకి అందించిన ఇల్లు, తాను అందించే ఇల్లు తప్ప ఇంకోటి తెలియదు, చివర ఉన్న మాకు మొదట ఉన్న మీరు తెలియరు. ఆ కాగితాలు డిపో గోడల మీద అంటించారు. నాలుగు వందల పన్నెండు మంది నమ్మారు.

ఇక్కడితో ఆగితే తాళాలాయన కూడా ఊరుకునేవాడు. కానీ ఆమె ఇంకో నియమం పెట్టింది. గడువు అయిపోగానే సర్వే ఉన్న కంప్యూటర్ మిషన్ పూర్తిగా తుడిచెయ్యాలి. తుడిచాకే, కలగాపులగం చేసిన జవాబులు ఆమె తెరవాలి. ముందు తలుపు మూసి తాళంచెవి పారేసి, ఆ తర్వాత పెట్టె తియ్యడం. జవాబు రాసినవాళ్ళకి ఒక రహస్య వాక్యం ఇద్దాం, కావాలంటే దాంతో మళ్ళీ వచ్చి మన మాట చదువుకుంటారు, అని ఆయన అప్పుడే అన్నాడు. ఆమె వద్దంది. తిరిగొచ్చే దారి ఉందంటే పట్టుబడే దారి ఉన్నట్టేనని వాదించింది.

సోమవారం మిషన్ తుడిచారు. మంగళవారం ఆమె ముప్ఫై ఒకటో ప్రశ్నకి వచ్చింది. అది ప్రశ్న కాదు, ఖాళీ పెట్టె. ఇంకేమైనా చెప్పాలనుకుంటే రాయండి అని ఉంటుంది. చాలామంది ఖాళీగా వదిలేశారు. కొందరు మేనేజర్లని తిట్టారు. ఒకాయన తన నడుంనొప్పికి కారణమైన సీటు బొమ్మని అక్షరాలతో వేశాడు. ఆ తర్వాత ఇది.

"పేరు అడగలేదు కాబట్టి రాస్తున్నా. ఎనిమిది నెలల నుంచి నాకు మధ్యలో కనపడదు. పక్కలన్నీ బాగానే ఉంటాయి. మనిషిని నేరుగా చూస్తే మొహం ఉండదు. కాస్త పక్కకి చూస్తే వస్తుంది. సిగ్నలూ అంతే. బస్సు అలాగే తోలుతున్నా. మా కండక్టరమ్మకి తెలుసు. లైటు ఎర్రబడితే కడ్డీ మీద ఒకసారి, పచ్చబడితే రెండుసార్లు తట్టేది. ఎవరికీ చెప్పలేదు మహాతల్లి. పోయిన నెల ఆవిణ్ణి దింపేసి టిక్కెట్ల మిషన్ పెట్టారు. మిషన్ తట్టదు కదా. కళ్ళ పరీక్ష అంటారా, ఆ గోడమీద చార్టు తొమ్మిదేళ్ళుగా అదే, నాకు కింద నుంచి పైకి కూడా వచ్చు. ఇంకా నాలుగేళ్ళు సర్వీసుంది. ఇంట్లో తెలీదు. ఎవరికైనా చెప్పాలని రాశా, అంతే. మీరేం చెయ్యక్కర్లేదు."

అప్పటినుంచి మూడు రోజులు. ఆ మూడు రోజులూ పొద్దున్నే పేపర్లో ఊరి వార్తల పేజీ ముందు తీసింది. బస్సు అన్న మాట లేకపోతే ఊపిరి వదిలేది. వదిలాక ఆ ఊపిరి మీద ఆమెకే అసహ్యం వేసేది. ఆ తేలిక ఎవరికోసం? రోడ్డు దాటేవాళ్ళ కోసమా, అతని కోసమా? తన గదిలో తన కుర్చీ కదలకుండా ఉన్నందుకు కాదు కదా?

"కంప్యూటర్ వైపునుంచి దారి లేదు మేడమ్. తుడిచేశాం. అంత శుభ్రంగా నేను మా ఇల్లు కూడా ఎప్పుడూ తుడవలేదు," అన్నాడు తాళాలాయన లేస్తూ. తలుపు దగ్గర ఆగి, "మిషన్ దాచింది గానీ, ఆయన రాసిన మాటల్లో ఏమైనా ఉందేమో అది నేను చెప్పలేను," అన్నాడు.

అదే ఆమె మూడు రోజులుగా తనకి తాను చెప్పుకోకుండా తప్పించుకుంటున్నది. పోయిన నెల టిక్కెట్ల మిషన్లు పెట్టింది ఊరు మొత్తం మీద ఒక్క డిపోలో, మూడు రూట్లలోనే. ఆ రూట్లలో ముప్ఫై ఎనిమిది మంది డ్రైవర్లు. వాళ్ళలో సరిగ్గా నాలుగేళ్ళ సర్వీసు మిగిలినవాళ్ళు ఎంతమంది? ఇద్దరు ఉండొచ్చు. ఒక్కరే ఉండొచ్చు. డిపో గుమాస్తాకి ఒక్క ఫోను చేస్తే చాలు. ఆ నంబరు ఆమె దగ్గర ఉంది.

గడిలో ఒక్కరు. పట్టికలో ఒక గడిలో ఒక్కరే పడితే, పేరు లేకపోయినా ఆ మనిషెవరో తెలిసిపోతుంది.

పదకొండేళ్ళ కిందట ఆమె చేసిన మొదటి సర్వే కాగితాల మీద జరిగింది. ఆమెని పెంచిన బాబాయ్ అప్పుడు బస్సు డ్రైవరు. "మా అమ్మాయేరా, భయపడకండి, ఉన్నది రాయండి," అని డిపోలో అందరికీ తనే కాగితాలు పంచాడు. చాలామంది భయపడి, ఉన్నది రాయలేదు. బాబాయ్ ఉన్నదున్నట్టు రాశాడు. పేరు లేదు. కానీ చివర్న పట్టిక వేసినప్పుడు, వయసు ఒక వరసలో, సర్వీసు ఒక వరసలో పెట్టి, బండి నడుపుతూ నిద్రపోయినవాళ్ళ సంఖ్య గడుల్లో నింపింది ఆమె. యాభై అయిదు దాటి, పాతికేళ్ళ పైన సర్వీసు ఉన్నవాళ్ళ గడిలో ఒకటి అని వచ్చింది. ఆ డిపోలో ఆ వయసుకి ఆ సర్వీసు ఉన్నవాడు ఒక్కడే. అంత చిన్న గడిని పక్క గడితో కలిపెయ్యాలని ఈ పని నేర్చుకున్న ప్రతివాడికీ తెలుసు. ఆమెకీ తెలుసు. అంకెలు కుదురుగా వచ్చిన సంతోషంలో కలపలేదు. రెండు వారాల్లో బాబాయ్ చేతిలోంచి స్టీరింగు పోయి, డిపో గేటు దగ్గర కుర్చీ వచ్చింది.

మధ్యాహ్నం డైరెక్టరు గదికి వెళ్ళింది. ఆయన మంచివాడే. ఎవరొచ్చినా కిటికీ పక్క కుర్చీ చూపిస్తాడు.

"రవాణా వాళ్ళకి ఒక ఉత్తరం రాయాలి సర్. డ్రైవర్ల కళ్ళ పరీక్షలు మళ్ళీ చెయ్యమని. చార్టు మార్చి."

"చార్టు మార్చాలా? ఏం, అక్షరాలు నచ్చలేదా?"

"పాతదైపోయింది సర్. కంఠతా వచ్చేసి ఉంటుంది."

డైరెక్టరు ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. "మేడమ్, మీ సర్వే అలసట మీద. మధ్యలో ఈ చార్టు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరైనా ఏమన్నా రాశారా?"

ఆమె ఫైలు మూసి ఒళ్ళోకి తీసుకుంది.

"రాసుంటే ఆ కాగితం ఇలా ఇవ్వండి. మీరేం బెంగ పెట్టుకోకండి. నేను చూసుకుంటాను."

నేను చూసుకుంటాను. పదకొండేళ్ళ కిందట, ఈయన కాదు, ఇంకో ఆయన, ఇదే మాట ఇంతే మెత్తగా అన్నాడు. ఆమె చెయ్యి ఒళ్ళో ఉన్న ఫైలు మీద దానంతటదే బిగుసుకుంది. ఇచ్చేస్తే? ఇవ్వడమే సరైన పని కదా? బడిపిల్లలు ఎక్కుతారు, ముసలివాళ్ళు రోడ్డు దాటుతారు. ఎవరైనా అడిగితే ఒక నియమం కోసం ఊరుకున్నానని చెప్పగలదా? ఇటు ఇస్తే, ఒక్క సాయంత్రంలో ముప్ఫై ఎనిమిది మందీ ఒక వరసలో నిలబడతారు, కొత్త చార్టు ముందు ఒకడు తడబడతాడు, అందరూ చూస్తుండగా. పేరు అడగలేదు కాబట్టి రాస్తున్నా అన్నవాడు.

"ఎవరూ ఏమీ రాయలేదు సర్," అంది.

ఆయన అక్కడికక్కడే రవాణా వాళ్ళకి ఫోను చేశాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది. "పరీక్షలు రెండు నెలల కిందటే అయ్యాయట. అందరూ పాస్. చార్టు సంగతి వచ్చే ఏడు చూస్తారట. ఇంకేమైనానా మేడమ్?"

ఇంకేమీ లేదు. ఆమె వెలుగు ఉండగానే ఇల్లు చేరింది.

బాబాయ్ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వీధిలోకి చూస్తున్నాడు. పిన్ని పోయాక ఇంట్లో వాళ్ళిద్దరే. కింద వీధి మలుపులో ఏ బండి వేగంగా తిరిగినా ఆయన కుడికాలు నేలని నొక్కుతుంది. అలవాటు. ఆ కుర్చీ ముందు నేల మీద రంగు కూడా పోయింది.

"ఏంటి, ముసుగు మేడమ్ గారి మొహం గంటు పెట్టుకునుంది?"

"ఆ పేరు నీకెవరు చెప్పారు?"

"నువ్వే చెప్పావు, పోయినసారి ఏడ్చినప్పుడు."

ఆమె వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద కూర పెట్టి వచ్చింది. గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"బాబాయ్, కండక్టరు కడ్డీ మీద తడితే ముందు కూర్చున్న నీకు వినపడేదా?"

"వినపడకపోవడమేంటి. ఇంజను గోలలో మీ పిన్ని పక్కన కూర్చుని తిట్టినా వినపడేది కాదు, అది నా అదృష్టం. ఆ టక్కు మాత్రం సూటిగా వెన్నులోకి వచ్చేది. ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే పద. ఇరవై ఏడేళ్ళు ఆ రెండు మాటల మీదే నడిపాను. ఎందుకూ?"

"ఒకాయన రాశాడు. చూపు సరిగ్గా లేదట."

"బండి తోలుతున్నాడా?"

"తోలుతున్నాడు."

ఆయన కుడికాలు నేలని నొక్కింది. వీధిలో బండేమీ లేదు.

తర్వాత ఆయన కిటికీవైపే చూస్తూ, పదకొండేళ్ళలో మొదటిసారి, ఆ సంగతి ఎత్తాడు.

"ఆ కాగితం మీద నేను రాసింది అబద్ధమేం కాదమ్మాయ్. రెండుసార్లు కునుకు పట్టింది. రెండోసారి కళ్ళు తెరిచేసరికి ఎదురు లైన్లో ఉన్నా. ఎవరూ రాలేదు కాబట్టి బతికాం. నన్ను దింపకపోతే మూడోసారి ఎవరింటికి కబురు వెళ్ళేదో."

"అయితే మంచే జరిగిందంటావా?"

"అనను." ఆయన అరచేతులు మోకాళ్ళ మీద రుద్దుకున్నాడు. "గేటు దగ్గర మూడేళ్ళు కూర్చుని వచ్చేపోయే బళ్ళ నంబర్లు రాశాను. నేను తోలిన బండి నంబరు రోజుకి ఆరుసార్లు రాశాను. దింపడం తప్పనను. ముందు ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చోవాల్సింది. ఇదిగో, నీ సంగతి తెలిసింది, ఇక దిగు, అనాల్సింది. నా అంతట నేనే దిగేవాణ్ణి. కాగితంలో చూసి దింపారు."

"నేను చెప్పాల్సింది."

"నీకు మాత్రం ఏం తెలుసు పాపం."

"తెలుసు బాబాయ్." ఆమె గుమ్మం వదిలి ఆయన కుర్చీ దగ్గరికి వచ్చింది. "ముందురోజే తెలుసు. ఆ ఆఫీసరు గడి మీద వేలు పెట్టి, ఇతనెవరు అన్నాడు. నేను మాట్లాడలేదు. ఆయన నవ్వి, నేను చూసుకుంటాను అన్నాడు. ఇంటికొచ్చాను. నువ్వు అన్నం పెట్టావు. తిన్నాను."

ఆయన తల తిప్పలేదు. కాలు కూడా కదల్లేదు. ఎంతసేపటికో, "ఊఁ" అన్నాడు. ఇంకాసేపటికి, "కూర మాడుతున్నట్టుంది, చూడు," అన్నాడు.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి ఆ మూడు రూట్లలో మొదటిది ఎక్కింది. ఏం చెయ్యాలో తెలిసి కాదు. పక్కన కూర్చోవాలి అన్న మాట ఒక్కటే పట్టుకుని ఎక్కింది. డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. కండక్టరు కూర్చునే చోట ఇప్పుడు టిక్కెట్ల మిషన్ ఉంది, ఎవరైనా కార్డు పెడితే కీచుమంటుంది. అద్దం మీద ఎర్రటి అక్షరాలు, డ్రైవరుతో మాట్లాడరాదు.

మాట్లాడినా ఏమని? మీరు రాసింది చదివాను అనాలా? అది ఆయనే అయితే, ఎవరికీ తెలియదని ఒట్టేసిన మాట ఆయన మొహం మీదే చచ్చిపోతుంది. ఆయన కాకపోతే ఇంకా ఘోరం. డిపోలో ఇలాంటివాడు ఒకడున్నాడని తన నోటితోనే ఇంకో డ్రైవరుకి చెప్పినట్టు. సాయంత్రానికి డిపో అంతా పాకుతుంది. వాళ్ళలో వాళ్ళే వెతుక్కుంటారు. అప్పుడు గుమాస్తాకి ఫోను చెయ్యాల్సిన అవసరం కూడా ఉండదు.

రోజంతా బస్సులు మారింది. ఎవరిని చూసినా అతనే అనిపించాడు. ఒకడు పల్లీలు నములుతూ పక్క అద్దంలోకి చూస్తాడు. ఒకడు నల్లద్దాలు పెట్టుకున్నాడు. ఒకడు పాడుకుంటూ తల ఊపుతాడు. ఇంతకాలం అనుకోలేదు గానీ, డ్రైవర్లెవరూ ఎదురుగా చూడరు. రెండో రోజు సాయంత్రానికి ఆమె బుర్ర వాచిపోయింది. తను వెతుకుతున్నది అతన్నా, లేక అతను దొరకలేదు అని చెప్పుకునే హక్కునా? ఇంటికొస్తే బాబాయ్ ఎక్కడికెళ్ళావని అడగలేదు. అన్నం పెట్టాడు.

మూడో రోజు పొద్దున, మూడో రూటు. డ్రైవరు మెడ లావుగా ఉంది, చెవుల వెనక జుట్టు నెరిసింది. ఆమె ఎక్కినప్పుడు ఆమె భుజం పక్కకి చూసి తల ఆడించాడు. అది మర్యాదో, అలవాటో, ఇంకేదో. బస్సు కదిలింది. మలుపులో ఆయన తల కొంచెం ఎడమకి వంచాడు, వెనకనుంచి ఎవరైనా పిలుస్తారేమో విందామన్నట్టు. అంతే. అంతకంటే ఏమీ లేదు. రేపు ఇంకో డ్రైవరు తల కుడికి వంచుతాడు, అప్పుడు అతనే అనిపిస్తాడు.

అటువైపు ముందు సీట్లో ఒక తల్లి, ఒళ్ళో పిల్ల. పిల్ల కాళ్ళు ఊపుతోంది. ఇటు, ఆమె కూర్చున్న డ్రైవరు వెనక సీటు పక్కన నిలువు కడ్డీ. కడ్డీ మీద రంగు, మనిషి మోచేతి ఎత్తులో, ఒక గుండ్రటి మచ్చంత మేర లేచిపోయి ఇనుము మెరుస్తోంది. ఆమె దాన్ని వేలితో తాకింది. మూడు రోజుల్లో ఎక్కిన ప్రతి బస్సులోనూ ఆ మచ్చ ఉంది. కండక్టర్లు పోయారు, తట్టిన చోటు పోలేదు.

అప్పుడు తోచింది ఆమెకి. ఇది తడితే మిగతా ముప్ఫై ఏడు మందికీ ఎవరో ప్రయాణికురాలు పాత అలవాటుతో తట్టింది, అంతే. విసుక్కుంటారు, మరిచిపోతారు. ఒక్కడికి మాత్రం తెలుస్తుంది, తను చెప్పింది ఎవరో విన్నారని, ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారని. మొదట ఉన్న అతను చివర ఉన్న తనకి ఎలా తెలియడో, తనూ అతనికి అలాగే తెలియదు. కానీ దానితో ఏమవుతుంది? అతను దిగుతాడా? ధైర్యం తెచ్చుకుని ఇంకా నడుపుతాడా? రేపు ఎవరు తడతారు? రోజూ ముప్ఫై ఎనిమిది బస్సుల్లో తను కూర్చోగలదా? ఇది సాయం కాదు, కనీసం మాట కూడా కాదు. తన చేతిలో మిగిలిందల్లా ఇంతే.

దూరంగా సిగ్నల్ పచ్చగా ఉంది. ఆమె సంచిలోంచి ఇంటి తాళంచెవి తీసింది. పసుపుపచ్చ వెలిగింది. బస్సు వేగం తగ్గలేదు. ఆపడానికి చాలినంత దూరం ఇంకా ఉందేమో, ఆమెకి అంచనా లేదు, బాబాయ్ ఉంటే కాలుతో చెప్పేవాడు. కాలిబాట అంచున నలుగురైదుగురు దాటడానికి సిద్ధంగా ఉన్నారు. ఆయన తల కొంచెం ఎడమకి వంగింది. లైటు ఎర్రబడింది.

ఆమె చెయ్యి చాచి, రంగు పోయిన ఆ మచ్చ మీద తాళంచెవితో తట్టింది. ఒక్కసారి.